నీడ జరిగిపోతుంది, గొలుసు జరగదు

మూగజీవాల వైద్యం: పాఠకుల ప్రశ్నలకు పశువైద్యురాలి జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా కుక్కల గురించే ఉన్నాయి. రోహిణి కార్తె ఇంకా రానేలేదు, అప్పుడే అనంతపురంలో మా వీధి ఉదయం తొమ్మిదికల్లా కాలుతోంది. ముప్పై ఏళ్లకు పైగా ఈ జిల్లా పల్లెల్లో పశువైద్యురాలిగా పనిచేసి రిటైరయ్యాను. గొర్రెలు, ఆవులు, ఎనుములు చూడటమే నా రోజువారీ పని. కానీ ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం రెండు దాటాక ఆసుపత్రికి చేతుల మీద మోసుకొచ్చే ప్రాణి మాత్రం చాలాసార్లు కుక్కే అయ్యేది. ఒక గంట ముందు ఎవరైనా గమనించి ఉంటే వాటిలో చాలా కుక్కలు బతికేవి. అందుకని ఈసారి పేజీలన్నీ వాటికే ఇస్తున్నాను.

ముందుగా ఒక్క విషయం చెప్పి ఉత్తరాల్లోకి వెళ్తాను. మనకు ఒళ్లంతా చెమట పడుతుంది, అది ఆరేటప్పుడు ఒళ్లు చల్లబడుతుంది. కుక్కకు పనికొచ్చే చెమట గ్రంథులు అరికాళ్లలోనే ఉంటాయి, వాటితో వచ్చే చల్లదనం చాలా తక్కువ. దాని ఒంట్లోని వేడి ముఖ్యంగా నోటి నుంచి, ముక్కు నుంచే బయటికి పోవాలి. నాలుక చాచి రొప్పుతున్నప్పుడు నోట్లో, ముక్కులో ఉన్న తడి ఆవిరై వేడిని మోసుకుపోతుంది. మామూలుగా నిమిషానికి 15 నుంచి 30 సార్లు ఊపిరి తీసే కుక్క, రొప్పేటప్పుడు 300 సార్ల దాకా తీస్తుంది. ఆ ఊపిరికి అడ్డు ఉండకూడదు, ఒంట్లో నీళ్లు ఉండాలి, చుట్టూ గాలి కదలాలి. కింద నేను చెప్పే జవాబులన్నీ ఇక్కడి నుంచే వస్తాయి.

ప్రశ్న: డాక్టరమ్మ గారూ, మేము కర్నూలులో మూడో అంతస్తులో ఉంటాం. మా పగ్‌కు నాలుగేళ్లు. ఏసీ గదిలో ఉన్నంతసేపు బాగానే ఉంటుంది. కరెంటు పోయిందంటే గురగురమని శబ్దం చేస్తూ రొప్పుతుంది, చూస్తుంటే టెన్షన్ వస్తుంది. ఇన్వర్టర్ మీద కూలర్ పెట్టినా తగ్గడం లేదు. ఏం చేయమంటారు?
ఒక గృహిణి, కర్నూలు

జవాబు: అమ్మా, మీ టెన్షన్‌లో న్యాయం ఉంది. పగ్ ముఖం నొక్కేసినట్టు ఉంటుంది కదా, ఆ ముఖంలో ముక్కు రంధ్రాలు సన్నగా ఉంటాయి, లోపల మెత్తటి అంగిలి పొడవై గొంతు దారికి అడ్డం పడుతుంది. మిగతా కుక్కలు రొప్పితే చల్లబడతాయి. పగ్‌కు రొప్పడమే పెద్ద శ్రమ, ఆ శ్రమకు ఒళ్లు ఇంకా వేడెక్కుతుంది, గొంతు వాస్తుంది, దారి ఇంకా సన్నబడుతుంది. బుల్‌డాగ్, షీట్జూ లాంటివాటికీ ఇదే బాధ.

కూలర్ ఎందుకు పనిచేయలేదో మీ ఉత్తరంలో ఇంకో చోట దొరికింది. చల్లదనం పోకూడదని తలుపులు, కిటికీలు అన్నీ మూసేస్తున్నామని రాశారు. తప్పు అక్కడే ఉంది. మన సీమలో ఎండ పొడిగా ఉంటుంది, కాబట్టి కూలర్ ఇక్కడ పనిచేసినంత బాగా కోస్తాలో పనిచేయదు. కానీ ఆ తడిగాలి బయటికి పోయే దారి ఉండాలి. మూసిన గదిలో కాసేపటికే గాలి చెమ్మ పట్టిపోతుంది, చెమ్మ గాలిలో కుక్క నాలుక మీది తడి ఆరదు. కూలర్‌ను కిటికీ దగ్గర పెట్టి బయటి పొడిగాలి లాక్కోనివ్వండి, ఎదురుగా ఉన్న కిటికీ గాని తలుపు గాని జానెడు తెరిచి ఉంచండి.

ఒట్టి ఫ్యాన్ గాలి కూడా కుక్కకు పెద్దగా అందదు, ఆరడానికి దాని ఒంటి మీద చెమట లేదు కాబట్టి. ముందు తడిగుడ్డతో పొట్ట కింద, తొడల లోపల, పాదాలు బాగా తడపండి. ఆ తర్వాత ఫ్యాన్ ముందు పడుకోబెట్టండి. అప్పుడు ఆ గాలి పని చేస్తుంది.

ఏసీని 18లో పెట్టి రోజంతా అందులోనే ఉంచకండి. 26 లేదా 27 చాలు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు గంటసేపు ఏసీ లేని గదిలో తిరగనివ్వండి. ఒళ్లు వేడికి అలవాటు పడటానికి కుక్కకు వారాలు పడుతుంది, ఆ అలవాటు అస్సలు లేని కుక్కకు కరెంటు పోయిన మొదటి పది నిమిషాలకే కష్టమవుతుంది. మెడకు పట్టీ కడుతుంటే దాని బదులు ఛాతీ చుట్టూ వచ్చే పట్టీ వాడండి. పక్కటెముకల మీద చెయ్యి వేస్తే ఎముకలు తగలాలి. తగలకపోతే అది లావైనట్టే, తిండి తగ్గించాలి. పగ్‌కు ఒంట్లో కొవ్వు పేరుకుంటే ఊపిరి ఇంకా భారమవుతుంది.

చల్లగా, ఊరికే పడుకున్నప్పుడు కూడా గురగురమంటోందా? అయితే ఎండాకాలం పోనిచ్చి కాదు, ఇప్పుడే డాక్టరుకు చూపించండి. ముక్కు రంధ్రాలు వెడల్పు చేసే, అంగిలి సరిచేసే ఆపరేషన్లు ఉన్నాయి. ప్రొద్దుటూరులో, తిరుపతిలో పశువైద్య కళాశాలలు ఉన్నాయి, అక్కడ సలహా అడగవచ్చు.

ప్రశ్న: మాది గుత్తి. ఇద్దరం ఉద్యోగస్తులం. పొద్దున తొమ్మిదికి పోతే సాయంత్రం ఆరుకు వస్తాం. మాది నాటు కుక్క, ఆరోగ్యంగానే ఉంది. ఇంటికి ఉత్తరం వైపు ఎప్పుడూ నీడే ఉంటుంది, అక్కడ గొలుసుతో కట్టేసి, బకెట్ నిండా నీళ్లు పెట్టి పోతాం. నాటు కుక్కకు ఎండ అలవాటే గదా, ఇది సరిపోతుందా మేడమ్?
ఒక బ్యాంకు ఉద్యోగి, గుత్తి

జవాబు: సరిపోదు నాయనా. ఈ మాట నేను పుస్తకం చూసి చెప్పడం లేదు.

ఉద్యోగంలో చేరిన మూడో ఏడు కళ్యాణదుర్గం వైపు ఒక ఊళ్లో ఉండేదాన్ని. చుక్క అని నల్ల కుక్క ఉండేది నాకు, నుదుట తెల్ల మచ్చ. క్వార్టర్స్‌కు ఉత్తరం వైపు చిన్న అరుగు ఉండేది. చలికాలం అంతా అక్కడ ఎండ పొడ పడేది కాదు. ఆ నమ్మకంతోనే మే నెలలో ఒకరోజు చుక్కను అక్కడ కిటికీ ఊచకు కట్టేసి, గొర్రెలకు టీకాలు వేయడానికి పక్క ఊరికి పోయాను. పదకొండుకల్లా వస్తాననుకున్నాను. మందలు ఎక్కువ వచ్చాయి, ఇంటికి వచ్చేసరికి రెండున్నర. అరుగు మీద నిండా ఎండ. బకెట్ దొర్లిపోయి ఉంది, గొలుసు ఊచకు చుట్టుకుపోయి జానెడు మిగిలింది. చుక్క పక్కకు పడి ఉంది.

థర్మామీటర్ 108 చూపించింది. కుక్కకు మామూలు వేడి 101 నుంచి 102.5 ఫారన్‌హీట్. నీళ్లు పోశాను, సెలైన్ ఎక్కించాను. చీకటి పడేసరికి లేచి నిలబడి నీళ్లు తాగింది, నా చెయ్యి నాకింది. బతికిందనుకున్నాను. మర్నాడు రక్త విరేచనాలు మొదలయ్యాయి, మూడో రోజు తెల్లవారుజామున పోయింది. పశువైద్యురాలి ఇంట్లో కుక్క అది. ఇన్నేళ్లయినా ఆ గొలుసు చప్పుడు చెవిలో ఉంది.

ఆ రోజు నాకు అర్థం కాని సంగతి తర్వాత తెలిసింది. ఏప్రిల్ ఆఖరుకు మన అనంతపురంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికి వస్తాడు. మే నెల నుంచి ఆగస్టు మొదటి వారాల దాకా మధ్యాహ్నం పూట నెత్తి దాటి కొంచెం ఉత్తరానికే ఉంటాడు. చలికాలంలో నీడగా ఉన్న ఉత్తరపు గోడే వేసవిలో ఎండకు ఎదురు నిలబడుతుంది. గోడ నీడ ఏ వైపైనా మిట్టమధ్యాహ్నం మూరెడు కూడా ఉండదు. చెట్టు నీడ సరిగ్గా చెట్టు కిందే పడుతుంది, పొద్దున, సాయంత్రం ఇంకెక్కడో పడుతుంది. నీడ జరిగిపోతూనే ఉంటుంది, గొలుసు జరగదు.

నాటు కుక్క ఎండకు తట్టుకుంటుందన్నది నిజం. పలచటి బొచ్చు, పొడవాటి మూతి, సన్నటి ఒళ్లు దానికి ఉన్నాయి. కానీ దాని అసలు నేర్పు చోటు మార్చుకోవడంలో ఉంది. కాలువ గట్టు, ఆగిన లారీ కింద, కొళాయి పక్క బురద, ఎక్కడ చల్లగా ఉంటుందో దానికి తెలుసు. కట్టేస్తే ఆ నేర్పు పనికిరాకుండా పోతుంది.

కాబట్టి కట్టేయకుండా ఇంట్లో ఒక గదిలో, లేదా గేటు వేసిన పెరట్లో వదిలిపోండి. వచ్చే ఆదివారం ఇంట్లోనే ఉండి గంటగంటకూ పెరట్లో నీడ ఎక్కడ పడుతోందో చూడండి. పది నుంచి నాలుగు దాకా ఎప్పుడైనా నీడ లేకుండా పోతే, నర్సరీల్లో కట్టే ఆకుపచ్చ షేడ్ నెట్ ఐదడుగుల ఎత్తున కట్టండి. నాలుగు పక్కలా గాలి ఆడాలి, రేకుల గూడు మాత్రం వద్దు, అది పొయ్యి లాంటిది. ఉన్న రేకుల షెడ్డునే వాడక తప్పకపోతే దాని మీద జొన్న చొప్ప గాని కొబ్బరి మట్టలు గాని మందంగా పరిచి రెండు పూటలా తడపండి. బకెట్ బదులు సిమెంటు తొట్టి పెట్టండి, దొర్లదు. ఒకటి కాదు, రెండు చోట్ల. పది కిలోల కుక్క మామూలు రోజుల్లో అర లీటరుకు పైగా నీళ్లు తాగుతుంది, ఈ ఎండలకు లీటరు దాటుతుంది. మధ్యాహ్నం ఒంటిగంటకు పక్కింటివాళ్లు ఒకసారి తొంగిచూసి ఫోన్ చేసేలా మాట్లాడుకోండి. అది చాలా పెద్ద సాయం.

ప్రశ్న: మేడమ్, మా నాయన గొర్రెలు మేపుతాడు. ఆయన చెబుతుంటే నేను రాస్తున్నాను. మందతో రెండు కుక్కలు పోతాయి. పోయినేడు ఎండలకు ఒకటి తూలి పడిపోయింది. నోట్లో ఎర్రగడ్డ రసం పిండి, తడి దుప్పటి కప్పినాం. బతకలేదు. చేలో డాక్టరు దొరకడు, ఐసు దొరకదు. అట్లాంటప్పుడు ఏం చేయాలో చెప్పండి.
డిగ్రీ విద్యార్థి, రాయదుర్గం మండలం

జవాబు: బాబూ, మీ నాయనకు నా నమస్కారం చెప్పు. చేతనైనది చేశారు. ఈసారి ఇంకొంచెం బాగా చేయడానికి వివరంగా రాస్తాను, ఆయనకు చదివి వినిపించు.

వడదెబ్బ ఒక్కసారిగా పడేయదు, ముందే చెబుతుంది. కుక్క మందను వదిలి వెనకబడుతుంది. నాలుక మామూలు కంటే వెడల్పుగా, చివర గరిటెలా చాస్తుంది. జొల్లు నీళ్లలా కాకుండా బంకలా సాగుతుంది. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు ఎర్రగా కందిపోయి ఉంటాయి. పిలిస్తే చూడదు. ఇక్కడే పట్టుకోవాలి. తూలడం, వాంతి, పడిపోవడం, ఫిట్స్ ఆ తర్వాత వస్తాయి. ఒంట్లో వేడి 104 దాటితే ప్రమాదం మొదలైనట్టు, 106 దాటితే లోపలి అవయవాలు దెబ్బతింటాయి.

పడిపోయిన కుక్కను నడిపించకూడదు, ఎత్తుకుని కానుగ చెట్టో వేప చెట్టో ఉంటే దాని కిందికి తీసుకుపోవాలి. డాక్టరు కోసం పరుగెత్తే ముందే నీళ్లు పోయడం మొదలుపెట్టాలి. ముందు చల్లబరచడం, తర్వాత ఆసుపత్రి. బోరు పైపు దగ్గరుంటే ఒక జాగ్రత్త: ఎండలో పడి ఉన్న నల్ల పైపులో మొదట వచ్చే నీళ్లు చెయ్యి పెట్టలేనంత కాలుతుంటాయి. వాటిని వదిలేసి, చల్లటి నీళ్లు వచ్చాకే కుక్క మీద పోయండి. మెడ, పొట్ట, చంకలు, తొడల మధ్య, పాదాలు ఆగకుండా తడుపుతూ ఉండాలి. ఒకరు నీళ్లు పోస్తుంటే ఇంకొకరు తువ్వాలుతో విసరాలి. గొర్రెలు తాగే తొట్టి దగ్గరుంటే, తల పైకి పట్టుకుని మెడ దాకా అందులో ముంచవచ్చు. ఐసు నీళ్లు పోస్తే కుక్కకు షాక్ తగులుతుందని మేం చదువుకునే రోజుల్లో గట్టిగా చెప్పేవారు. ఇప్పుడు ఆ మాట మారింది. ఆరోగ్యంగా ఉన్న వయసు కుక్కకు చల్లటి నీళ్లు మంచివే. ముసలిదానికి, జబ్బుదానికి మాత్రం ముంచకుండా తడిపి విసరడం మేలు. ఐసు కోసం వెతుకుతూ కాలం పోగొట్టవద్దన్నది అప్పుడూ ఇప్పుడూ ఒకటే.

తడి దుప్పటి కప్పి వదిలేస్తే, కాసేపటికి ఆ దుప్పటే ఒంటి వేడికి వేడెక్కి గాలిని ఆపేస్తుంది. దుప్పటి కింద పరవండి, మీద కప్పవద్దు. స్పృహ లేని కుక్క నోట్లో నీళ్లు గాని రసం గాని పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఎర్రగడ్డ మనుషులకు ఎంత మంచిదైనా కుక్కకు విషమే, అది రక్తంలోని ఎర్రకణాలను పగలగొడుతుంది. జ్వరం మాత్రలు కూడా వేయవద్దు. ఇది జ్వరం కాదు, ఆ మాత్రలకు ఈ వేడి తగ్గదు. పైగా పారాసిటమాల్ కుక్క కాలేయాన్ని, రక్తాన్ని దెబ్బతీస్తుంది. ఆదోని నుంచి ఒక అక్క ఇదే అడిగింది, వాళ్ల మరిది రెండు మాత్రలు వేశాడట. ఆమెకూ ఇదే జవాబు.

మందులపెట్టెలో ఒక డిజిటల్ థర్మామీటర్ ఉంచుకోండి, ఖరీదు తక్కువే. కొనకు నూనె రాసి మలద్వారంలో పెట్టి చూడాలి. 103 దగ్గరికి దిగాక నీళ్లు ఆపేయండి, లేకపోతే మరీ చల్లబడిపోతుంది. ఆ తర్వాత గాలి తగిలేలా బండిలో డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం గురించి చెబుతారు. లేచి తిరుగుతోంది కదా అని వదిలేయకండి. మూత్రపిండాలు, పేగులు దెబ్బతిన్నది రెండు మూడు రోజుల తర్వాత బయటపడవచ్చు. పైన చుక్క సంగతి అందుకే రాశాను.

మీ నాయన మందను ఎండ ముదరక ముందే చెట్ల కిందికి తోలి, పొద్దు వాలాక మళ్లీ మేపుతాడనే అనుకుంటున్నాను, మన కాపరులంతా వేసవిలో చేసేది అదే. కుక్కలకూ అదే వేళ పాటించండి. మెడకు ఇనుప పట్టీ ఉంటే పగలు తీసేసి రాత్రి కట్టండి. మీరు తాగే క్యాన్ కాక, వాటికని ఇంకో ఐదు లీటర్లు తీసుకుపోండి.

ప్రశ్న: మా ఇంటి ముందు, మిద్దె మీద అంతా బండలు పరిచాం. మా కుక్క రెండు రోజులుగా కుంటుతోంది, అరికాళ్లు ఎర్రగా ఉన్నాయి. పసుపు, వెన్న రాస్తున్నాం.
పేరు వద్దన్న పాఠకుడు, తాడిపత్రి

జవాబు: తాడిపత్రిలో బండలు లేని ఇల్లు ఎక్కడుంది చెప్పండి. ఆ నల్ల, బూడిద రంగు రాయి వేడిని పట్టుకుంటే రాత్రి ఎనిమిదైనా వదలదు. మీ చేతి వెనకభాగం బండకు ఆనించి ఏడు లెక్కపెట్టండి. అంతసేపు ఉంచలేకపోతే కుక్క పాదం కూడా అక్కడ పెట్టకూడదు. తారు రోడ్డుకూ ఇదే పరీక్ష. నడకకు తెల్లవారుజామే మంచిది, ఆరున్నరకల్లా ఇంట్లో ఉండాలి. సాయంత్రం ఆరు గంటలకు గాలి చల్లబడినా రాయి చల్లబడదు, చాలామంది అక్కడే మోసపోతారు.

పసుపు, వెన్న ఆపేయండి. వెన్నతో వేడి లోపలే నిలుస్తుంది, పైగా కుక్క నాకుతుంది. చల్లటి నీళ్లతో కడిగి, మెత్తటి పొడిగుడ్డతో అద్ది, శుభ్రమైన చోట పడుకోబెట్టండి. బొబ్బలు లేచినా, చర్మం ఊడినా డాక్టరుకు చూపించాల్సిందే. గేటు నుంచి గుమ్మం దాకా గోనెసంచులు పరిచి తడిపితే దానికి దారి దొరుకుతుంది.

ప్రశ్న: మా సైబీరియన్ హస్కీకి బొచ్చంతా గొరిగిస్తే చల్లగా ఉంటుందా? మా వీధిలో ల్యాబ్రడార్‌కు అట్లే చేయించారు.
ఇంటర్ విద్యార్థిని, కడప

జవాబు: వద్దమ్మా. హస్కీకి, ల్యాబ్రడార్‌కు బొచ్చు రెండు పొరలు. లోపలిది ఉన్ని లాంటిది, బయటిది గరుకైన పొడవు వెంట్రుక. బయటి పొర ఎండను నేరుగా చర్మానికి తగలనివ్వదు. గొరిగితే తెల్ల చర్మం కాలిపోతుంది, వెంట్రుక మళ్లీ సరిగా రాకపోవచ్చు కూడా. చేయాల్సింది దువ్వడం. ఈ నెలల్లో లోపలి ఉన్ని కుప్పలుగా రాలుతుంది, రోజూ దువ్వి తీసేస్తే చర్మానికి గాలి ఆడుతుంది. పొట్ట కింద కొంచెం కత్తిరించవచ్చు.

నీ కుక్కను నువ్వు ప్రేమగా పెంచుతున్నావని ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది, అందుకని నొచ్చుకోకు. మంచులో బండ్లు లాగడానికి పుట్టిన జాతిని మే నెల కడపకు తెచ్చి అమ్మడం నాకు నచ్చదు. ఉన్నదాన్ని ఇంట్లోనే చల్లగా కాపాడుకో. కానీ నీ స్నేహితులు ఎవరైనా కొంటామంటే వద్దని చెప్పు. వీధిలో తల్లి వదిలేసిన పిల్లను తెచ్చుకోమను.

ప్రశ్న: ఎండలకే అనుకున్నాం గానీ మా కుక్క ఏసీలో పడుకున్నా ఒళ్లు కాలుతోంది, మూడు రోజులుగా తినడం లేదు.
ప్రొద్దుటూరు పాఠకుడు

జవాబు: వడదెబ్బ ఎండలో ఉండగానో, ఆ వెంటనేనో వస్తుంది. చల్లటి చోట మూడు రోజులు వేడి నిలిచి ఉందంటే నా అనుమానం పిడుదుల జ్వరం మీద. చెవుల లోపల, కాలివేళ్ల సందుల్లో, మెడ పట్టీ కింద వెతకండి. ఈ కాలంలో పిడుదులు విపరీతం. చిగుళ్లు పాలిపోయాయేమో, ముక్కు నుంచి రక్తం వస్తోందేమో చూడండి. రక్తపరీక్ష చేయిస్తే తెలుస్తుంది, తొందరగా పట్టుకుంటే మందులు బాగా పనిచేస్తాయి. ఇవాళే వెళ్లండి. పశువుల మీద కొట్టే పిడుదుల మందును కొలత లేకుండా కుక్కకు పూయకండి.

ప్రశ్న: మా కాలనీలో వీధి కుక్కలకు నీళ్ల తొట్లు పెట్టాను. దోమలు వస్తాయని, కుక్కలు గుమిగూడి కరుస్తాయని పక్కింటివాళ్లు గొడవ పెడుతున్నారు. వాళ్లకు ఏం చెప్పాలి?
రిటైర్డ్ టీచర్, అనంతపురం

జవాబు: అన్నా, మీరు చేసేది మంచిపని, వాళ్ల భయంలోనూ నిజం ఉంది. దోమ గుడ్డు పెట్టిన దగ్గర్నుంచి ఎగిరేదాకా వారం, పది రోజులు పడుతుంది. రోజూ నీళ్లు పారబోసి కొత్తవి పోసి, మూడు రోజులకోసారి కొబ్బరి పీచుతో తొట్టి అంచులు రుద్దితే దోమ పుట్టదు. ఆ గుడ్లు అంచుకే అంటుకుని ఉంటాయి కాబట్టి రుద్దడం ముఖ్యం. తొట్లను గేట్ల ముందు, పిల్లలు ఆడే చోట పెట్టకండి. కాలనీ చివర చెట్టు కింద రెండు మూడు చోట్ల విడివిడిగా పెడితే కుక్కలు ఒకేచోట పోట్లాడుకోవు. తొట్టి మరీ లోతుగా ఉండకూడదు, మధ్యలో ఒక రాయి వేస్తే ఉడుతలు, పిట్టలు పడిపోయినా ఎక్కి వస్తాయి.

పిల్లలకు మాత్రం మీరే చెప్పాలి, మాస్టారు మాట వింటారు: మధ్యాహ్నం పడుకున్న కుక్కను కదిలించకూడదు, కారు కింద ఉన్నదాన్ని కర్రతో పొడవకూడదు. ఎవరికైనా పన్ను తగిలితే సబ్బుతో, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రిలో టీకా వేయించాలి. చిన్న గీరుడైనా సరే. ఆడ కుక్కలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్, అన్నిటికీ రేబిస్ టీకా వేయించమని మున్సిపాలిటీకి కాలనీవాళ్లంతా కలిసి అర్జీ పెట్టండి. ఇప్పుడు గొడవ పడుతున్నవాళ్ల సంతకం కూడా దాని మీద తీసుకోండి.

తిండి గురించి అడిగినవాళ్లకు కలిపి చెబుతాను. పెరుగన్నం, పలుచటి మజ్జిగ మంచివే, ఉప్పు, తిరగమోత వద్దు. పెరుగుకు విరేచనాలయ్యే కుక్కలూ ఉన్నాయి, వాటికి ఆపేయండి. కలింగర పండు ముక్కలు గింజలు, తొక్క తీసి కొంచెం పెట్టవచ్చు. మామిడిపండు తినిపించినా టెంక అందకుండా చూడండి, పేగులో ఇరుక్కున్న టెంకలను ఆపరేషన్ చేసి తీయాల్సి వస్తుంది. ద్రాక్ష ఒక్క కాయ కూడా వద్దు, కిస్‌మిస్ కూడా. అది కుక్క మూత్రపిండాలను చెడగొడుతుంది. అన్నం పెట్టేది పొద్దున చల్లపూట, రాత్రి. మధ్యాహ్నం తినకపోతే బలవంతపెట్టకండి.

పెళ్లికి పోయినప్పుడు అద్దం కొంచెం దించి కుక్కను కారులో ఉంచవచ్చా అని పులివెందుల నుంచి ఒకరు అడిగారు. ఐదు నిమిషాలైనా వద్దు. ఎండలో ఆపిన కారు లోపల పది నిమిషాల్లో పది డిగ్రీల దాకా పెరుగుతుంది, అద్దం కాస్త దించినందువల్ల పెద్ద తేడా రాదు. ఇంట్లోనే వదిలి వెళ్లండి.

ప్రశ్న: డాక్టరమ్మా, నేను ఐదో తరగతి. మా కుక్క టామీ పెరట్లో దానిమ్మ చెట్టు కింద రోజూ గుంత తవ్వుతోంది. మా జేజి తిడుతోంది, కర్ర తీసుకుని తరుముతోంది. టామీకి పిచ్చి పట్టిందా?
గుంతకల్లు

జవాబు: పిచ్చి కాదు బంగారూ, టామీ చాలా తెలివైనది. పైమట్టి కాలుతున్నా జానెడు లోతుకు పోతే చల్లగా ఉంటుంది, నువ్వే చెయ్యి పెట్టి చూడు. పొట్ట మీద బొచ్చు తక్కువ కదా, ఆ చల్లమట్టికి పొట్ట ఆనించుకుని పడుకుంటుంది. దాని పరుపు అది. నువ్వు రోజూ పొద్దున బడికి, సెలవులైతే ఆటకు పోయే ముందు ఆ గుంతలో రెండు చెంబుల నీళ్లు పొయ్యి. దానిమ్మకూ తడి అందుతుంది. వేళ్లు బయటపడకుండా గుంతను చెట్టు మొదలుకు రెండు అడుగులు అవతలికి జరపాలి, నువ్వే ఒక చిన్న గుంత తవ్వి తడిపి చూపిస్తే టామీ అక్కడికి వచ్చేస్తుంది. జేజికి ఈ ఉత్తరం చదివి వినిపించు. వానలు పడి టామీ వసారాలోకి మారిపోయాక, ఆ గుంతలో ఒక కరివేపాకు మొక్క నాటుకోమని నేను చెప్పానని చెప్పు.